ఐదు సీట్లు అక్కడా ఐదే, ఇక్కడా ఐదే



పది దినాలుగా మన గ్రూపులో నడుస్తున్న వాదన మీరంతా చూస్తూనే ఉన్నారు. ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న చిన్నదే. "కరెంటు కారు కొనాలనుకుంటున్నాను. బలమైన ఎస్‌యూవీ తీసుకోనా, ధర తక్కువ సెడాన్ తీసుకోనా?" వచ్చిన జవాబుల్లో ముప్పాతిక వంతు పెద్దదే కొనమన్నాయి. "జీవితంలో ఎన్నిసార్లు కొంటాం, మంచిదే కొను" అని ఒకరు. "నలుగురిలో దిగేటప్పుడు బండికి ఒక గౌరవం ఉండాలి" అని ఇంకొకరు. ధర గురించి మాట్లాడినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

గ్రూపులో రెండు వరుసలు రాసి ఊరుకోవటం నాకు చేతకాదు. అందుకే ఇక్కడ పొడుగ్గా రాస్తున్నాను. నా బడి చదువంతా తమిళ మీడియం. ఇంట్లో మాట తెలుగే అయినా అక్షరాలు మాత్రం పెద్దయ్యాక దిద్దుకున్నవి. మాట ఎక్కడైనా తమిళ వాసన కొడితే మీరే సర్దుకుని చదువుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోయంబత్తూరులో, చుట్టుపక్కల ఊళ్ళలో ఉండే మనలాంటి జీతగాళ్ళ కుటుంబానికి చిన్న సెడానే సరి. పెద్ద బండి చెడ్డదని నేను అనటం లేదు. ఆ బలాన్ని మనం ఏడాదిలో నాలుగు దినాలు కూడా వాడుకోం. ఆ బలానికి కట్టే డబ్బు మాత్రం ఏడేళ్ళపాటు నెలనెలా కడతాం.

ఊరికే మాట్లాడకుండా రెండు బండ్లు పేరు పెట్టి చూద్దాం. రెండూ ఒకే కంపెనీవి తీసుకుంటే ఎవరికీ కోపం రాదు. పెద్దది టాటా హ్యారియర్ ఈవీ. 2025 జూన్‌లో వచ్చింది. షోరూం ధర 21.49 లక్షల దగ్గర మొదలైంది. మన గ్రూపులో అందరూ మురిసిపోయిన రెండు మోటార్ల రకం 28.99 లక్షలు. 75 కిలోవాట్ అవర్ బ్యాటరీ, 504 న్యూటన్ మీటర్ల టార్క్, 6.3 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం. చిన్నది టాటా టిగోర్ ఈవీ. 26 కిలోవాట్ అవర్ బ్యాటరీ, 75 గుర్రాల బలం, 170 న్యూటన్ మీటర్ల టార్క్. ధర 12.49 లక్షల నుంచి 13.75 లక్షల దాకా ఉంటూ వచ్చింది. ధరలు మారుతుంటాయి, కొనే రోజున షోరూంలో అడగండి. రెండిటి మధ్య తేడా మాత్రం సుమారు 15 లక్షలు అని పెట్టుకోండి.

ఇప్పుడు ఒక మాట గమనించండి. హ్యారియర్ ఈవీలో కూర్చునేది ఐదుగురు. టిగోర్‌లోనూ ఐదుగురే. పెద్దదాంట్లో భుజం భుజం తగలకుండా కూర్చుంటాం, డిక్కీలో సామాను ఎక్కువ పడుతుంది. అది నిజమే. ఆరో మనిషికి చోటు అక్కడా లేదు, ఇక్కడా లేదు. "మాది పెద్ద కుటుంబం, అందుకే పెద్ద బండి" అనేవాళ్ళు ముందు సీట్లు లెక్కపెట్టి రండి.

బలం సంగతికి వస్తాను. పెట్రోలు ఇంజనుకి వేగం పెరిగితేనే లాగే శక్తి వస్తుంది. అందుకే పెట్రోలు కార్లో గుర్రాల లెక్క చూసి కొనేవాళ్ళం. కరెంటు మోటారు అలా కాదు. నిలబడ్డ చోటి నుంచే పూర్తి శక్తితో లాగుతుంది. రైల్వేలో ఉన్నవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. మద్రాసు బీచి నుంచి తాంబరం దాకా 1931లోనే కరెంటు రైలు నడిచింది. ప్రతి స్టేషన్లో ఆగి, మళ్ళీ చటుక్కున అందుకునే లోకల్ బండికి కరెంటు మోటారు ఎందుకు నప్పుతుందో, ప్రతి సిగ్నల్లో ఆగే ఊరి కారుకీ అందుకే నప్పుతుంది. కాబట్టి కరెంటు కార్లో 75 గుర్రాలంటే ఊళ్ళో తిరగటానికి కొరత ఏమీ ఉండదు. బ్రేకు నొక్కినప్పుడు, దిగుడులో దిగేటప్పుడు కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోతుంది. ఊటీ ఘాటు దిగేవాళ్ళు మీటరు చూస్తే తెలుస్తుంది. ఈ సౌకర్యం చిన్నదాంట్లోనూ ఉంది.

ఇక 6.3 సెకన్లలో వంద అంటారా. మన అవినాశి రోడ్డు మీద గోల్డ్‌విన్స్ నుంచి ఉప్పిలిపాళెం దాకా పది కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 అక్టోబరులో తెరిచారు. ఆ వంద ఫ్లైఓవర్ మీద అందుకున్నా, కిందికి దిగి ఉప్పిలిపాళెం సిగ్నల్లో నిలబడాల్సిందే. పక్కన టౌన్ బస్సు కూడా నిలబడి ఉంటుంది. రెండు టన్నులకు పైబడిన బండిని అంత వేగంగా లాగించే శక్తిని ఇరవై ఏళ్ళ పిల్లవాడి కాలి కింద పెట్టటం గురించి, కొనే తండ్రి ఒక రాత్రి నిద్ర మానుకుని ఆలోచించాలి.

ఖర్చు లెక్కలో మన గ్రూపులో ఒక తప్పుడు లెక్క తిరుగుతున్నది. "పెద్ద కరెంటు కారుకీ కిలోమీటరుకి రూపాయిన్నరే కదా, ఇంకేం ఖర్చు?" అంటున్నారు. మొదటి సగం నిజం. రోజుకి నలభై కిలోమీటర్లు, నెలకి వెయ్యి కిలోమీటర్లు అనుకుందాం. చిన్నదానికి ఇంటి మీటరులో సుమారు 145 యూనిట్లు పడుతుంది, పెద్దదానికి 175 దాకా. మనకి కరెంటు బిల్లు రెండు నెలలకొకసారి. మొదట కొన్ని యూనిట్లు ఉచితం. ఆ పైన వాడకం పెరిగేకొద్దీ రేటు మెట్లెక్కుతుంది. కారు వచ్చాక ఏ ఇల్లయినా పై మెట్టుకే పోతుంది కాబట్టి యూనిట్ పది రూపాయలని పెట్టుకున్నా, రెండు బండ్లకీ తేడా రెండు నెలలకి ఆరు వందలే. కరెంటు దగ్గర పెద్ద బండి మనల్ని ముంచదు. ముంచేది వాయిదా దగ్గర.

ఆ 15 లక్షల తేడాని అప్పు తెచ్చారనుకోండి. 9 శాతం వడ్డీ, ఏడేళ్ళు. నెలకి 24,134 రూపాయలు. ఏడేళ్ళలో కట్టేది 20 లక్షల 27 వేలు. ఇది పెద్ద బండి మొత్తం వాయిదా కాదు, చిన్నదాన్ని కాదన్నందుకు కట్టే తేడా మాత్రమే. లీటరుకి పదిహేను కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు వదిలి కరెంటుకి వస్తే, వెయ్యి కిలోమీటర్లకి నెలకి ఐదు వేలు మిగులుతాయని లెక్క. ఐదు వేలు మిగుల్చుకోవటానికి వచ్చి ఇరవైనాలుగు వేలు అదనంగా కట్టే వ్యాపారం ఇది. ఇన్సూరెన్స్ బండి ధరని బట్టి ఉంటుంది, అదీ ఎక్కువే. టైర్లు చూడండి. చిన్నదానికి 14 అంగుళాల చక్రం, పెద్దదానికి 19. నాలుగు టైర్లు మార్చే రోజు వచ్చినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

నేను కొన్నాళ్ళు గూడ్స్ ఆఫీసులో రాశాను. అక్కడ ఒక పద్ధతి ఉంది. వ్యాగన్‌కి ఇంత బరువని లెక్క. మీరు అందులో సగమే సరుకు ఎక్కించినా ఆ వ్యాగన్ కనీస బరువుకి చార్జీ కట్టాల్సిందే. తెలిసిన వర్తకుడు వ్యాగన్ అడిగే ముందు తన దగ్గర ఎన్ని మూటలున్నాయో చూసుకుంటాడు. 75 కిలోవాట్ అవర్ బ్యాటరీ కొని రోజుకి ఏడు యూనిట్లు వాడేవాడు మిగిలిన అరవైఎనిమిదికీ చార్జీ కట్టినట్టే. పైగా ఆ బరువునంతా రోజూ ఆఫీసుకి మోసుకుపోయి మోసుకొస్తాడు.

చార్జింగ్ కూడా ఇలాగే. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుతో చిన్నదాన్ని రాత్రి పెడితే పొద్దున కాఫీ తాగేసరికి నిండిపోతుంది. పెద్దది ఖాళీ అయితే అదే ప్లగ్గుతో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అందుకని వేరే చార్జరు బిగించాలి. దానికి ఇంటి లోడు పెంచమని అర్జీ పెట్టుకోవాలి. అపార్ట్‌మెంటులో అయితే మిగతా ఇళ్ళవాళ్ళతో మాట్లాడాలి. రోజువారీ నలభై కిలోమీటర్లకి మాత్రం రెండిటికీ రెండు మూడు గంటలు చాలు. ఆ మాట కూడా చెప్పాలి కదా.

చిన్నదాని లోపాలు దాచను. కంపెనీ కాగితంలో 315 కిలోమీటర్లని ఉంటుంది. ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కి, హైవేలో పోతే 200 అనుకోవటం మంచిది. వేగంగా ఎక్కించే చార్జరు దగ్గర కూడా గంట దాకా నిలబడాలి. పెద్దది అరగంటలో లేచిపోతుంది. తిరుపతికి మనకి నాలుగు వందల కిలోమీటర్లకు పైనే. చిన్న బండిలో పోతే దారిలో రెండుసార్లు ఆగాలి. పిల్లలు గొడవ చేస్తారు, పెద్దవాళ్ళకి నడుము నొస్తుంది.

అయితే తిరుపతికి ఏడాదికి ఎన్నిసార్లు పోతాం? ఒకసారి, మొక్కు ఉంటే రెండుసార్లు. కోయంబత్తూరు నుంచి తిరుపతికి నేరుగా రైలు ఉంది. రిటైరైన రైల్వేవాడు రైలు గురించి చెబితే మీరు నవ్వుతారని తెలుసు. సరే, రైలు వద్దు. డ్రైవరుతో సహా పెద్ద బండి అద్దెకి తీసుకోండి. రోజుకి ఆరు వేలనుకున్నా నాలుగు దినాలకి 24 వేలు. పైన చెప్పిన తేడా వాయిదాలో అది ఒక్క నెలది. మిగిలిన పదకొండు నెలల డబ్బు మీ దగ్గరే ఉంటుంది. పళని, పొల్లాచ్చి, ఊటీ, మేట్టుపాళెం, తిరుప్పూరు, ఇవన్నీ చిన్న బండికి ఒక్క చార్జిలో అందే ఊళ్ళే. పళనికి పోయి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కొండ కింద కాసేపు చార్జింగ్ పెట్టుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది.

భద్రత గురించి అడిగిన చెల్లెలికి నేను గౌరవంగా జవాబు చెప్పాలి. ఆ ప్రశ్న సరైనది. హ్యారియర్ ఈవీకి భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు వచ్చాయి. టిగోర్ ఈవీకి 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో నాలుగు. చిన్నదాంట్లో ఎయిర్‌బ్యాగులు కూడా తక్కువ. ఇదే మీ భయం అయితే ఆ భయానికి 29 లక్షలు అక్కరలేదు. నెక్సాన్ ఈవీకి 2024లో భారత్ ఎన్‌క్యాప్ ఐదు స్టార్లే ఇచ్చింది. దాని ధర కూడా 12.49 లక్షల దగ్గరే మొదలైంది. డిక్కీ ఉన్న సెడాన్ కావాలన్న పట్టు వదిలితే అది మంచి మధ్యదారి. నా వాదన ఎత్తయిన బండి మీద కాదు, అక్కరలేని బలం మీద. భద్రత కోసం కొంటున్నామని చెప్పి 504 న్యూటన్ మీటర్లు కొనేవాళ్ళు తమకి తాము సరైన కారణం చెప్పుకోవటం లేదు.

"వాన నీళ్ళలో పెద్ద బండే పోతుంది" అని ఒకరన్నారు. లంకా కార్నర్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలిచిన రోజు ఏ బండీ దిగకూడదు. చుట్టూ తిరిగి పోవటమే పద్ధతి. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దవాళ్ళ సంగతి మాత్రం నిజంగా చూడాలి. సెడాన్‌లో కిందికి వంగి కూర్చోవాలి, లేచేటప్పుడు కష్టం. పెద్ద ఎస్‌యూవీలో పైకి ఎక్కాలి, పొట్టివాళ్ళకి అదీ కష్టమే. అమ్మనో అత్తనో షోరూంకి తీసుకుపోండి. రెండిట్లోనూ రెండేసి సార్లు ఎక్కించి దించండి. ఆవిడ చెప్పే మాటకి ఏ యూట్యూబ్ వీడియో సాటిరాదు.

పెద్దది కొనదగ్గవాళ్ళు లేరా? ఉన్నారు. ఉడుమలపేట పక్క తోటలున్నవాళ్ళు, మట్టిదారిలో రోజూ పోయి వచ్చేవాళ్ళు ఉన్నారు. వ్యాపారం మీద వారానికి మూడుసార్లు చెన్నైకో బెంగుళూరుకో స్వయంగా నడుపుకుంటూ పోయేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఆ బ్యాటరీ, ఆ బలం రెండూ పనికొస్తాయి. అప్పు లేకుండా కొనగలిగినవాళ్ళ సంతోషానికి నేను అడ్డం రాను. వాళ్ళని చూసి మిగతావాళ్ళు కొనటమే నా బాధ.

ఇంకొక సంగతి. కరెంటు కార్లు వేగంగా మారిపోతున్నాయి. ఇదే టిగోర్ 2019లో 213 కిలోమీటర్ల రేంజితో వచ్చింది. రెండేళ్ళలో 306 అయింది. ఇవాళ కొన్నది ఏడేళ్ళ తర్వాత ఎంతకి అమ్ముడవుతుందో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. ధర పడిపోయే వస్తువులో పదమూడు లక్షలు పెట్టటం వేరు, ఇరవైతొమ్మిది లక్షలు పెట్టటం వేరు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న మాటకి వస్తున్నాను. మనలో చాలామంది నా వయసువాళ్ళు. గ్రాట్యుటీ, పీఎఫ్ చేతికి వచ్చినవాళ్ళు. కొడుకు బండి కొంటానంటే ముందు కట్టే డబ్బు మన దగ్గరి నుంచే పోతున్నది. అడగటం కొడుకు తప్పు కాదు. ఇవ్వటం మనకి అలవాటు. కాని లెక్క చూడండి. 15 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీంలో 8.2 శాతానికి వేస్తే మూడు నెలలకొకసారి 30,750 రూపాయలు వస్తాయి. ఇద్దరు ముసలివాళ్ళ మందులు, కరెంటు బిల్లు, పండక్కి మనవలకి బట్టలు దాంట్లో నడుస్తాయి. కొడుకు చెయ్యి చాచి అడగాల్సిన రోజు దూరంగా పోతుంది. తండ్రి ఇచ్చే డబ్బుతో చిన్న బండి వస్తే తండ్రి దగ్గర ఇంకా కొంత మిగులుతుంది. పెద్ద బండికి ఇస్తే మిగలదు. ఈ మాట ఇంట్లో కూర్చుని, కాగితం మీద రాసుకుని, కొడుకు కోడళ్ళ ముందు మాట్లాడుకోండి. దీంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

గౌరవం అన్నారు కదా. మోటారు విషయంలో మన గౌరవం ఎక్కడుందో నేను చెబుతాను. జి.డి. నాయుడు గారు మన ఊరి మనిషి, మన మాట మాట్లాడిన ఇంటి మనిషి. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య మొదలుపెట్టారు. 1937లో మన దేశంలోనే తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారు వెనుక ఉన్నది ఆయన, డి. బాలసుందరం నాయుడు గారు. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు తయారుచేస్తే, దాని ధర రెండు వేల రూపాయలు. సర్కారు లైసెన్సు ఇవ్వలేదు, అది ఆగిపోయింది. ఇందాక చెప్పిన ఫ్లైఓవర్‌కి ఆయన పేరే పెట్టారు. అంత తెలివి ఉన్న మనిషి మామూలువాడి చేతికి అందే కారు చెయ్యాలని చూశాడు. మనం ఆయన పేరు చెప్పుకుని గర్వపడతాం. ధర తక్కువ కారులో దిగటానికి మాత్రం నామోషీ పడతాం.

ఈ నామోషీకి అందరికంటే ఎక్కువ డబ్బు కడుతున్నది ఆడపిల్ల తండ్రి. పెళ్ళి సారెలో, మన ఊరి మాటలో సీరులో, ఒకప్పుడు స్కూటరు ఉండేది. తర్వాత చిన్న కారు వచ్చింది. ఇప్పుడు మండపం ముందు రిబ్బను కట్టిన ఎస్‌యూవీ నిలబెడుతున్నారు, దాని ముందు అందరూ ఫోటో దిగుతున్నారు. అడిగి తీసుకోవటం 1961 చట్టం ప్రకారం నేరం. అడగలేదు, వాళ్ళే ఇష్టపడి ఇచ్చారని అందరూ అంటారు. మన గ్రూపులో ఎస్‌యూవీని పొగిడే ప్రతి మాటా పెళ్ళికి ఉన్న కూతురి తండ్రి చదువుతున్నాడు. బండి 13 లక్షల నుంచి 29కి పోతే, ఆ పదహారు లక్షలకి ఎవరి ఇంటి కాగితాలు బ్యాంకులోకి పోతాయో మనకి తెలియదా?

అందుకని నాది ఒక చిన్న విన్నపం. మన సంఘం వధూవరుల వివరాల ఫారంలో "సొంత వాహనం, మోడల్" అని ఒక గడి ఉంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ గడి తీసెయ్యాలని నేను అడగబోతున్నాను. చదువు, ఉద్యోగం, ఆరోగ్యం, కుటుంబం, ఈ వివరాలు చాలు. ఎవరైనా బలపరిస్తే సంతోషం. కాదనేవాళ్ళు కూడా సభకి వచ్చి కారణం చెప్పండి, కూర్చుని వింటాను.

ప్రశ్న అడిగిన తమ్ముడికి నా జవాబు ఇది. ఒక నెలపాటు నీ పాత బండి రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో క్యాలెండరులో రాసుకో. రెండు వందలు దాటిన రోజులు ఎన్నో లెక్కపెట్టు. ఆ లెక్క చూసుకుని షోరూంకి పో. పోయేటప్పుడు మీ అమ్మని తీసుకుపో.

అందరికీ శుభం.